చిన్నదాని సగం

టికెట్ లేనివాణ్ని నేను మొహం చూసి పట్టుకోను, చేతులు చూసి పట్టుకుంటాను. టికెట్ ఉన్నవాడి చేతులు ఒళ్లో ఊరికే పడి ఉంటాయి. లేనివాడి చేతులకు మాత్రం నన్ను చూడగానే ఎక్కడలేని పనీ తగులుకుంటుంది. జేబు తడుముకుంటాడు, చొక్కా బొత్తాం సర్దుకుంటాడు, బాగానే ఉన్న కిటికీ అద్దాన్ని ఇటూ అటూ జరుపుతాడు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం నా ఉద్యోగం. నేను ఎక్కగానే వెనక సీట్లలోంచి "గద్ద ఎక్కిందిరోయ్" అని గుసగుస వినబడుతుంది. విననట్టు నటిస్తాను గానీ ఆ పేరంటే నాకు లోలోపల గర్వమే. అంత గర్వం ఉన్నదాన్ని, సొంత చెల్లెలి చెయ్యి నా కళ్లముందే కొట్టుకుంటుంటే అర్థం కాక కూర్చున్నాను. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దాన్ని ఇంట్లో అందరూ చిన్నది అంటారు. నలభై దాటినా అది చిన్నదే. మా అమ్మకు మేమిద్దరమే, ఇద్దరికీ ఒక్క క్షణం పడేది కాదు. రొట్టె ముక్కైనా, ఆపిల్ పండైనా, ఆఖరికి పుస్తకానికి వేసుకునే అట్ట కాగితమైనా సగం కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. అమ్మ విసిగిపోయి ఒక చట్టం చేసింది. ఒకతె కొయ్యాలి, రెండోది ఎంచుకోవాలి. ఎంచుకునేదాకా కోసినది గోడవైపు తిరిగి నిలబడాలి, కళ్లతో బెదిరించకుండా. నేను గోడవైపు తిరిగేదాన్నే గానీ మెడ కాస్త ఇటు వంచేదాన్ని. "అమ్మా, అక్క చూస్తోంది!" అని చిన్నది ఇల్లెగిరిపోయేలా అరిచేది. నేను పూర్తిగా తిరిగేదాకా ముక్క ముట్టుకునేది కాదు. అమ్మ పోయినా ఆ చట్టం పోలేదు. అమ్మ వదిలివెళ్లిన సామాను పంచుకున్నది కూడా అలాగే, ఒకరి తర్వాత ఒకరం గోడకు మొహం పెట్టి.

చిన్నది పనిచేసేది ఒక వృద్ధుల హోమ్‌లో. బయటినుంచి చూస్తే నున్నటి మెట్లు, పూలకుండీలు, గాజు తలుపు. లోపల వరుసగా ఇనప మంచాలు, ఫినాయిల్ వాసన. అక్కడ అది ఆయా. ఒళ్లు తుడవడం, పక్క దుప్పట్లు మార్చడం, తినిపించడం, లేపి కూర్చోబెట్టడం దాని పని. కుడిచేత్తో ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని పట్టుకునే ఉండేది కాబట్టి ఫోన్ వస్తే ఎడమచేత్తో తీసి ఎడమ బొటనవేలితోనే నొక్కేది. సెలవు రోజున మా ఇంటికొచ్చినా అంతే.

"రెండు చేతులూ ఖాళీయే కదే" అని వెక్కిరించేదాన్ని.

"కుడిది డ్యూటీలో ఉందక్కా" అనేది.

ఒకరోజు వచ్చి, కాఫీ కప్పు పట్టుకుని తాగకుండా కూర్చుంది. హోమ్‌లో ముసలివాళ్ల చేతుల్ని మంచం కమ్ములకు పట్టీలతో కట్టేస్తున్నారని అప్పుడు చెప్పింది. మనుషులు తక్కువ, మంచాలు ఎక్కువ. లేచి తిరిగేవాళ్ల వెనక ఎవరు తిరుగుతారు? అందుకని మేనేజరమ్మ కనిపెట్టిన ఉపాయమది. అడిగితే వాళ్ల మంచికే అంటుందట. చుట్టాలు చూడ్డానికి వచ్చే ముందు విప్పేస్తారు.

"అక్కడొక టీచరమ్మ ఉందక్కా. ఎన్నేళ్లు పాఠాలు చెప్పిందో ఏమో, మాట సరిగా రాకపోయినా గాల్లో చెయ్యి తిప్పి చెప్పేస్తుంది. దాహమైతే ఇలా. దుప్పటి కావాలంటే ఇలా. ఆ చేతులు కట్టేస్తే ఇంక ఆవిడకి మాటేముంది?"

"నువ్వు విప్పెయ్యవే."

"విప్పుతూనే ఉన్నాను. మేనేజరమ్మ మళ్లీ కడుతూనే ఉంది."

అప్పటికే అది వీడియోలు తీస్తోంది. ఏప్రాన్ జేబులో ఫోన్ నిలబెట్టి, కెమెరా బయటికి కనబడేలా. కొన్ని వారాలుగా తీసినవి, ఒకటి రెండు కాదు. వాటిని పట్టుకెళ్లి ఫిర్యాదు చేయాలని దాని ఆలోచన. నాకు భయమేసింది. ఎందుకంటే దాని ఫోన్ సగం దానిది కాదు. డ్యూటీ యాప్ కోసమని హోమ్ వాళ్లే తమ అకౌంట్‌తో అందులో లాగిన్ చేసి ఇచ్చారు. ఫొటోలూ వీడియోలూ ఆ అకౌంట్‌లోకి ఎక్కుతూ ఉంటే మేనేజరమ్మ తన టేబుల్ దగ్గర కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చు.

మా డిపోలో టికెట్ మెషిన్లు బాగుచేసే అన్న ఒకాయన ఉన్నాడు. విషయం చెప్పకుండా ఫోన్ మాత్రం చూపించాం. ఆయన నోట్లో స్క్రూ పెట్టుకునే మాట్లాడతాడు. వైఫై తగిలినప్పుడే ఎక్కేలా పెట్టి ఉందట, అందుకని ఇంతవరకూ ఏదీ ఎక్కలేదు. ఆయాలకు వైఫై ఇస్తే పాడైపోతారని హోమ్ వాళ్లు ఇవ్వలేదు. వాళ్ల పిసినారితనమే మమ్మల్ని కాపాడింది. ఆయన ముందు ఆ ఎక్కడాన్ని ఆపించాడు. తర్వాత వీడియోలన్నీ చిన్న మెమరీ కార్డులోకి ఎలా మార్చాలో, దానికి నంబరు తాళం ఎలా వెయ్యాలో, ఆ తర్వాత ఫోన్‌లోంచి మిగలకుండా ఎలా తీసెయ్యాలో చెప్పాడు.

"పదిసార్లు తప్పు నంబరు కొడితే లోపలున్నదంతా తనే తుడిచేసుకుంటుంది. నంబరు మర్చిపోతే నేను కాదు కదా, నన్ను పుట్టించినవాడు కూడా తెరవలేడు. ఎక్కడైనా రాసిపెట్టుకోండి. రెండో కార్డులో కూడా ఒక కాపీ పెట్టుకోండి" అన్నాడు.

రెండో కార్డు తర్వాత కొందామనుకున్నాం. ఇక రాసిపెట్టుకోవడమా? రాసింది ఎవరికో ఒకరికి దొరుకుతుంది, నా ఉద్యోగం నాకు నేర్పింది అదే. నంబరు ఒకరి దగ్గరే ఉంటే ఆ ఒకర్ని బెదిరిస్తారు. అందుకని మా ఇంటి చట్టమే పెట్టుకున్నాం. నంబరులో మొదటి సగం నాది, రెండో సగం దానిది. కార్డు నా ఫోన్‌లో పెట్టి, వంటింటి బల్ల దగ్గర నేను నా సగం కొట్టేటప్పుడు అది గోడవైపు తిరిగింది. తర్వాత ఫోన్ దాని చేతికిచ్చి నేను తిరిగాను.

"అక్కా, నీ మెడ."

"చూట్టంలేదే తల్లీ."

"పూర్తిగా తిరుగు."

తిరిగాను. టకటకమని నొక్కేసింది. పుట్టినరోజులూ ఫోన్ నంబర్లూ పెట్టకూడదని ముందే అనుకున్నాం కాబట్టి అదేం పెట్టిందో ఊహించడానికి కూడా నాకు వీల్లేదు. ఎంత తెలివైనవాళ్లమో అనుకుని ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

ఫిర్యాదు రాయించేలోపే టీచరమ్మ పోయింది. ఛాతీ మీదుగా కట్టిన పట్టీలోంచి కిందికి జారి, అది మెడకు బిగుసుకుని, మంచానికి వేలాడుతూ తెల్లారి కనబడింది. ఆ వార్డులో డ్యూటీ చిన్నదానిదే. దాన్ని పక్క వార్డులోకి పంపించి పట్టీ కట్టించింది మేనేజరమ్మ. కానీ పోలీసులకు ఆవిడ చెప్పింది వేరు. "మా సంస్థలో మనుషుల్ని కట్టడమనే మాటే లేదండీ. ఆ ఆయా తన సుఖం కోసం కట్టేసి పోయింది." మిగతా ఆయాలు తలలు దించుకున్నారు. వాళ్ల పొట్ట వాళ్లది. విచారణ పేరుతో హోమ్ వాళ్లు గేటు దగ్గరే చిన్నదాని ఫోన్ లాక్కున్నారు, తిరిగి ఇచ్చేసరికి అందులో ఒక్క ఫోన్ నంబరు కూడా మిగల్లేదు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిందని కేసు రాశారు. ఒక అధికారిని విచారణకు వేశారు.

చిన్నది ఏడవలేదు. "కార్డుందిగా" అంది.

"ఇప్పుడే చూపించొద్దు. ముందుగా చూపిస్తే మాయం చేస్తారు. విచారణ గదిలో అందరి ముందూ తెరుద్దాం" అన్నాను. గద్దను కదా, ఎవర్నీ నమ్మను. ఆ రోజే తెరిచి ఉంటే ఈ కథ చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

విచారణకు ముందు వారం అది బట్టలు పిండుతూ పిండుతూ బాత్రూంలో పడిపోయింది. కుడివైపంతా చచ్చుబడింది. మాట పోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. డాక్టరు మంచివాడే గానీ ఆయన నోట మంచి మాట ఒక్కటి రాలేదు. మాట వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. అంకెలు, అక్షరాలు కూడా పోయి ఉండొచ్చన్నాడు.

చిన్నదాని మొగుడు, నా మరిది, పెయింటర్. తలుపులకూ కిటికీలకూ రంగులు వేస్తాడు. ఆయన గోళ్లలో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది, ఆ వారం తెలుపు. ఆస్పత్రి బెంచీ మీద నా పక్కన కూర్చుని, "వదినా, మా పెళ్లిరోజు పెట్టి ఉంటుంది" అన్నాడు.

"తేదీలు వద్దనుకున్నాం."

"నాకోసం పెట్టి ఉంటుంది వదినా."

ఇంకో సందర్భమైతే, నీ పెళ్లిరోజు నీకే ఏనాడూ గుర్తులేదు, దానికెందుకుంటుంది అని ఆటపట్టించేదాన్ని. ఆ మొహం చూశాక సంచిలోంచి ఫోన్ తీశాను. కొట్టాం. తప్పు. ఆయన లేచి వెళ్లి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

చిన్నదాన్నే అడిగాం. కాగితం, పెన్ను ఎడమచేతికిస్తే అడ్డదిడ్డంగా ఒక గీత గీసి పెన్ను విసిరేసింది. నేను ఒక్కో అంకె చెప్పి "ఇదా?" అని అడిగాను. తలూపింది. నా ప్రాణం లేచొచ్చింది. అలా తలూపినవన్నీ పేర్చి కొడితే తప్పు. మళ్లీ అడిగితే వేరే అంకెలకు తలూపింది. "నువ్వు మగాడివా?" అని అడిగితే దానికీ తలూపింది. అవునుకీ కాదుకీ తేడా తెగిపోయిందని అప్పుడు తెలిసింది. అయినా ఆశ చావదు. అమ్మ పోయిన తేదీ, మేం చిన్నప్పుడున్న ఇంటి నంబరు, దాని డ్యూటీ నంబరు, ఏది తడితే అది కొట్టాం. ఆఖరికి తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఇంక ఒక్క అవకాశమే మిగిలింది, ఆ తర్వాత అంతా చెరిగిపోతుంది. ఫోన్ సంచిలో పడేసి జిప్పు లాగేశాను.

విచారణాధికారి ఫోన్ చేసి, ఆధారం ఏదైనా ఉంటే సోమవారంలోపు తెమ్మన్నాడు. లేకపోతే ఉన్న కాగితాల మీదే రాసి పంపేస్తానన్నాడు. నోరు లేని మనిషి మీద హత్యలాంటి నింద. అది మంచం మీద పడి ఉండగానే పేరు చెడిపోతుంది. లేచి నడిస్తే జైలుకి నడవాలి.

ఈలోగా చిన్నదాని ఎడమచెయ్యి ఊరుకోవడం మానేసింది. ముక్కులోంచి కడుపులోకి వేసిన ట్యూబును పీకేసింది. మళ్లీ వేశారు, మళ్లీ పీకేసింది. నేను దగ్గరికెళితే నా సంచి పట్టుకుని లాగేది. నీళ్లడుగుతోందేమో అనుకుని పెదాలు తడిపేదాన్ని. తల విదిలించేది. దాని గొంతులోంచి ఏదో శబ్దం, కోపంగా. నర్సు ఒక కాగితం తెచ్చింది.

"ట్యూబు ఇంకోసారి లాగితే ఊపిరితిత్తుల్లోకి పోతుందమ్మా. చెయ్యి కట్టాలి. ఇంటివాళ్లు సంతకం పెట్టాలి."

మరిది పెన్ను పట్టుకున్నాడు, పక్కన పెట్టేశాడు. నేను పెట్టాను. మెత్తటి తెల్ల పట్టీ, లోపల దూది. కట్టేటప్పుడు చిన్నది నావైపు చూసిన చూపును నేను చూడలేదు. కిటికీ వైపు చూశాను. దాని మంచికే, అనుకున్నాను. సరిగ్గా అవే మాటలు.

శనివారం సాయంత్రం రోగుల్ని చూడనిచ్చే వేళకు మేనేజరమ్మ వచ్చింది. పళ్ల సంచీ, ఇస్త్రీ మడత చెదరని బట్టలు, మెత్తటి గొంతు. వాచీని మణికట్టు లోపలివైపు డయల్ వచ్చేలా పెట్టుకుంది. నా కళ్లు అలవాటుగా చేతుల మీదికే పోతాయి. ఆవిడ చేతులు ఒళ్లో నిమ్మళంగా పడి ఉన్నాయి. టికెట్ ఉన్నవాళ్ల చేతుల్లా.

"ఎంత పని జరిగిందండీ! మా మనిషే కదా, మనసొప్పక వచ్చాను. ఏదో కార్డు ఉందని ఎవరో అన్నారు. మీ దగ్గరుంటే ఇచ్చెయ్యండి, ఆసుపత్రి ఖర్చులు మేం చూసుకుంటాం. కేసు కూడా మెల్లగా..."

"మీ దగ్గర కట్టరు కదండీ. కట్టకపోతే కార్డులో ఏముంటుందని మీ భయం?" అన్నాను.

ఆవిడ నవ్వింది. అప్పుడు మంచం కమ్మీవైపు చూసింది. తెల్ల పట్టీ చూసింది. ఆ నవ్వు మొహమంతా పాకింది.

"మీరూ కట్టించారన్నమాట. ఏం తప్పులేదండీ, వాళ్ల మంచికే. ఇప్పుడు తెలిసిందా మా కష్టం?" అని, చిన్నదాని పట్టీని వేలితో సరిచేసింది, వదులుగా ఉందని కాస్త బిగించింది కూడా.

బస్సు నిండా జనం ఎదురుతిరిగినా తగ్గని నోరు నాది. అయినా ఆవిడ లేచి, పళ్లు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయేదాకా నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. తర్వాత ఏడుస్తూనే ఆ ముడి విప్పాను. గట్టి ముడి. పళ్లతో లాగాను. నర్సు పరిగెత్తుకొచ్చి, "ట్యూబు లాగేస్తుందమ్మా!" అంది.

"నేను పట్టుకుని కూర్చుంటాను సిస్టర్. తెల్లార్లూ పట్టుకుంటాను. కట్టొద్దు."

పట్టీ ఊడగానే చిన్నదాని చెయ్యి లేచింది. ట్యూబు వైపు పోలేదు. తిన్నగా నా సంచి మీదికి వచ్చి పడింది. అప్పుడు చూశాను, చూడాల్సినట్టు. అది లాగడం లేదు. బొటనవేలొక్కటే కదులుతోంది. సంచి మీద నొక్కుతోంది, జరుగుతోంది, మళ్లీ నొక్కుతోంది. కుడిది డ్యూటీలో ఉందక్కా. ఇన్నాళ్లూ అది అడిగింది నీళ్లు కాదు, ఫోన్. నోటినుంచి పోయిన అంకెలు, పెన్నుకు రాని అంకెలు ఆ వేలికి ఇంకా తెలుసు. నేను దాన్ని కట్టించాను.

జిప్పు తీశాను. మరిది నా చెయ్యి పట్టుకున్నాడు.

"వదినా, ఒక్కసారే ఉంది. వేలు జారితే?"

"జారితే జారనీ. అది దాని సగం. నువ్వూ నేనూ కొట్టి తగలేసినవి చాలు."

నా సగం నేను కొట్టాను. ఫోన్‌ను దాని ఎడమ అరచేతిలో పెట్టి, కింద నా చెయ్యి ఆనించాను. బొటనవేలు తెరమీద గాల్లో ఆగింది. కదల్లేదు. మర్చిపోయిందా? ఇంతవరకేనా? తలెత్తి చూశాను. చిన్నది అంకెల్ని చూడటం లేదు. నన్ను చూస్తోంది. కళ్లు చిట్లించి, విసుగ్గా, వెనకటికి రొట్టె ముక్క ముందు నిలబడి చూసినట్టే. నేను కాస్త పక్కకి చూశాను. వేలు ఇంకా గాల్లోనే ఉంది. మెడ ఇంకొంచెం తిప్పాను. గొంతులోంచి "ఊఁ" అంది.

"పూర్తిగా తిరగాలా?" అన్నాను.

పూర్తిగా తిరిగాను. గోడకు లేతాకుపచ్చ రంగు, ఒకచోట పెచ్చు ఊడిపోయి ఉంది. ఇంత జరిగాక కూడా దీనికి నామీద నమ్మకం లేదు! నవ్వొచ్చింది. లోపలున్నది చిన్నదే. అవును, కాదు తెలియని రోగి కాదు, నన్ను నమ్మని నా చెల్లెలు. ఇన్ని రోజులూ అది లోపలే ఉంది, మేమే రాలేదు. వెనక అరచేతిలో ఫోన్ మెల్లగా వణుకుతోంది. ఒకటి. ఆగి, ఇంకొకటి. నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం కూడా దొంగచూపే.

"తెరుచుకుంది వదినా" అన్నాడు మరిది. పెద్ద మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

వార్డులో చుట్టూ రోగులున్నారని శబ్దం తగ్గించి మొదటి వీడియో కాస్త చూశాం. మంచం కమ్మీ, ఎండిపోయిన మణికట్టు, దానికి పట్టీ బిగిస్తున్న రెండు చేతులు. వాచీ డయల్ లోపలివైపు ఉంది. ఆ తర్వాత మొహం కూడా. అది చాలు. మరిదిని చిన్నదాని చెయ్యి పట్టుకోమని, నేను డిపోకి పరిగెత్తాను. మెషిన్ల అన్న ఈసారి నోట్లోంచి స్క్రూ తీసి, ఒక్క మాట అడక్కుండా మూడు కాపీలు చేశాడు.

సోమవారం విచారణ గదిలో ఒక పొడుగాటి బల్ల, ఆ చివర అధికారి, ఈ చివర నేను, ఎదురుగా మేనేజరమ్మ. ఆవిడ ముందుగా, మా సంస్థలో కట్టడమనే మాటే లేదని మళ్లీ చెప్పింది. అధికారి రాసుకున్నాడు. నేను కార్డు ఇచ్చాను. గోడమీద వేసిన వీడియోలో ఆవిడ చేతులు పెద్దగా కనబడ్డాయి. కాసేపటికి ఆవిడ గొంతు మారింది.

"ప్రమాదం జరక్కుండా ఎప్పుడైనా ఒకసారి... ఎవరైనా చేస్తారండీ. ఈవిడ్నే అడగండి. సొంత చెల్లెల్ని మంచానికి కట్టించింది. నా కళ్లతో చూశాను."

అధికారి నావైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే" అన్నాను.

"సంతకం ఎవరు పెట్టారు?"

"నేనే."

ఆయన దాన్నీ రాసుకున్నాడు. వీడియో ఇంకా మిగిలి ఉందని, దాన్ని కూడా వేయమన్నాడు. మేం వార్డులో చూడకుండా ఆపేసిన భాగమది. గోడమీద మేనేజరమ్మ వేలు ఊపుతూ, "మళ్లీ విప్పావో, రేపటినుంచి రానక్కర్లేదు" అని వెళ్లిపోయింది. చెప్పుల చప్పుడు దూరమైంది. తర్వాత బొమ్మ కదిలింది. జేబులోంచి చూస్తున్న కెమెరా మంచం మీదికి వంగింది, పనితో కాయలు కాసిన చేతులు రెండు వచ్చి ముడి విప్పుతున్నాయి. అప్పుడు గొంతు వినబడింది. పోయిందని డాక్టరు చెప్పిన గొంతు. కొంచెం బొంగురుగా, ఊపిరి ఎగబోస్తూ, ఎప్పుడూ ఎవరినో ఒకర్ని ఓదారుస్తున్నట్టుండే గొంతు.

"ఉండండి టీచరమ్మా, విప్పేస్తున్నా. నొప్పిగా ఉందా? చెయ్యి ఇటివ్వండి, నేను పట్టుకుంటా. భయపడకండి. మా అక్కకు చెప్తాను. అది బస్సుల్లో పెద్ద ఆఫీసరు, దానికి ముక్కుమీద కోపం. ఒక మనిషిని ఇలా కట్టేశారంటే అది అస్సలు ఊరుకోదు."

అధికారి మేనేజరమ్మను కాదు, నన్ను చూశాడు. ఆయన చూపులో కోపం లేదు, ఉంటే బాగుండేది. బల్ల మీది కాగితంలో చిన్నదాని పేరు ముందున్న "నిందితురాలు" అన్న మాటను ఆయన కొట్టేస్తుంటే పెన్ను చప్పుడు వినబడింది. ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది దానికోసమే. లేచి దండం పెట్టాలి. కానీ నా చేతులకు ఎక్కడలేని పనీ తగులుకుంది. సంచి జిప్పు తీసి మళ్లీ వేశాను, జేబు తడుముకున్నాను, ఊడిపోని బొత్తాన్ని సర్దుకుంటూ కూర్చున్నాను.